“డౌట్స్ ఏమైనా ఉన్నాయా?” అంటే ఎవరూ మాట్లాడరు

(నల్లగొండలో చిన్న టెక్ కంపెనీల నిర్వాహకులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. హాల్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఒకటి గమనిస్తున్నాను. కంపెనీలు పెట్టినవాళ్లు ముందు కుర్చీల్లో కూర్చున్నారు, వాటిలో పనిచేసేవాళ్లు వెనక కూర్చున్నారు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఆఫీసులోనూ ఇంతే. ఎవరు ఎప్పుడు నోరు తెరవొచ్చో, ఎవరు తెరవకూడదో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. మనం మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

ఒక ఉదాహరణ అనుకుందాం. 14 మంది ఉన్న కంపెనీ. మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాంటా చీటీల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. ట్రాక్టర్ వేబ్రిడ్జి మీదికి వస్తుంది, తూకం పడుతుంది, తేమ మీటర్ రీడింగ్ కొడతారు, తరుగు లెక్కకట్టి చీటీ బయటికి వస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో వడ్లకు తేమ పరిమితి 17 శాతం అని మీకు తెలుసు. అది దాటితే ఒక్కో శాతానికి క్వింటాలుకు కిలో తరుగు పడేటట్టు ఈ సాఫ్ట్‌వేర్‌లో పెట్టారనుకోండి. మూడు నెలల కింద చేరిన పిల్లవాడు టెస్టింగ్ చేస్తూ ఒకటి పట్టుకున్నాడు. 17.5 అని కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని 18 చేసుకుంటోంది. అరకిలో పోవాల్సిన చోట కిలో పోతోంది. 40 క్వింటాళ్ల లోడుకు 20 కిలోలు తేడా. పోయేది రైతువి.

సాయంత్రం ఆరున్నరకు మీటింగ్. మర్నాడు పొద్దున మిల్లులో డెమో. ఫౌండర్ అడిగాడు: “అంతా ఓకేనా? డౌట్స్ ఏమైనా ఉన్నయా?” పిల్లవాడు టీమ్ లీడ్ వైపు చూశాడు. లీడ్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. రెండు సెకన్లు గడిచాయి. “సరే, పొద్దుగాల తొమ్మిదింటికి బయల్దేరుదాం.” మీటింగ్ అయిపోయింది.

ఆ రెండు సెకన్లలో ఆ పిల్లవాడి బుర్రలో చాలా నడిచింది. ఆ లెక్క రాసింది ఫౌండరే. పొద్దున్నే డెమో పెట్టుకుని ఇప్పుడు చెప్తే ఏమంటాడో. నేనే తప్పు చూశానేమో. లీడ్‌కి తెలిసే ఉంటుంది, ఆయనే ఊకున్నాడంటే కారణం ఉంటుంది. పోయిన నెల ఒకటి అడిగితే “అది నీ పని కాదు” అన్నారు కదా. ఇవన్నీ కలిపి చూసుకుని ఊకున్నాడు. దీన్ని పిరికితనం అనకండి. ఇది లెక్క. మాట్లాడితే పడే దెబ్బ ఇవాళే పడుతుంది, కచ్చితంగా పడుతుంది, తనకే పడుతుంది. మాట్లాడితే వచ్చే లాభం ఎప్పుడో వస్తుంది, రావచ్చు రాకపోవచ్చు, వచ్చినా కంపెనీకి వస్తుంది. ఈ లెక్క ఎవరు వేసినా జవాబు ఒకటే వస్తుంది. కాబట్టి ‘మా పిల్లలు ఓపెన్‌గా మాట్లాడరు సార్’ అని ఫౌండర్లు అంటుంటే నాకు బాధగా ఉంటుంది. పిల్లల స్వభావంలో లోపం లేదు. మాటకు ఆఫీసు పెట్టిన ధర ఎక్కువగా ఉంది.

దీన్నే సైకలాజికల్ సేఫ్టీ అంటున్నారు, తెలుగులో మానసిక భద్రత. ఈ మాట వినగానే కొందరు కౌన్సెలింగ్ అనుకుంటారు, కొందరు ఎవరినీ ఏమీ అనకుండా మెత్తగా ఉండటం అనుకుంటారు. అసలు అర్థం ఇంత: ఒక ప్రశ్న అడిగినా, తప్పు ఒప్పుకున్నా, ‘ఇది సరిగ్గా లేదు’ అన్నా ఇక్కడ నాకు నష్టం జరగదు అని టీమ్‌లో అందరూ నమ్మడం. అది ఒక మనిషి గుణం కాదు, ఒక గదికి ఉండే గుణం. అదే మనిషి ఒక టీమ్‌లో గలగల మాట్లాడి, ఇంకో టీమ్‌లో మూగవాడైపోతాడు.

హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ దీని మీద పనిచేశారు. 1996లో అచ్చయిన ఆమె పరిశోధన ఆసుపత్రుల గురించి. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని చూడబోతే, బాగా కలిసి పనిచేసే టీమ్‌ల లెక్కలోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే తేలింది ఏంటంటే, వాళ్లు తప్పులు దాచుకోకుండా చెప్తున్నారు. మిగతాచోట్ల కాగితం మీద తప్పులు తక్కువ ఉన్నాయంటే, అక్కడ తప్పులు కాగితం దాకా రావట్లేదు. మీ కంపెనీలో బగ్ రిపోర్టులు తగ్గాయని సంబరపడే ముందు ఈ సంగతి ఆలోచించండి. 1999లో ఆమె ఒక తయారీ కంపెనీలో 51 టీమ్‌లను చూసి, ఈ నమ్మకం ఉన్న టీమ్‌లే నేర్చుకుంటాయి, నేర్చుకునే టీమ్‌లే బాగా పనిచేస్తాయి అని చూపించారు. తర్వాత గూగుల్ తన 180 టీమ్‌లను పరిశీలించినప్పుడు కూడా, బాగా నడిచే టీమ్‌లను వేరు చేసే అంశాల్లో మొదటి స్థానం దీనికే వచ్చింది.

ఆఫీసులో మనిషి నాలుగు ముద్రలకు భయపడతాడని ఎడ్మండ్‌సన్ అంటారు. అడిగితే తెలియనివాడు అంటారు. తప్పు ఒప్పుకుంటే చేతకానివాడు అంటారు. సాయం కోరితే పనికి అడ్డం పడేవాడు అంటారు. లోపం చూపిస్తే ఎప్పుడూ వంకలు పెట్టేవాడు అంటారు. నాలుగింటి నుంచీ తప్పించుకునే దారి ఒక్కటే, నోరు మూసుకోవడం. అది చాలా తేలిక కూడా. చెప్పకుండా ఉన్నందుకు ఎవరినీ ఎవరూ పట్టుకోరు.

ఈ మౌనం ఖరీదు ఎంతవరకు పోతుందో 2003లో చూశాం. జనవరి 16న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి కొలంబియా అంతరిక్ష నౌక బయల్దేరిన 82 సెకన్లకు ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. రెక్క ఎట్లా ఉందో ఫొటోలు తీయించాలని ఇంజనీర్లు అడిగారు. పైవాళ్లు అవసరం లేదనుకున్నారు. రోడ్నీ రోచా అనే ఇంజనీర్ గట్టిగా ఒక ఈమెయిల్ రాశాడు, పైవాళ్లకు పంపలేదు. తన మెట్టు దాటి పైకి రాసే అలవాటు అక్కడ లేదు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా అందులో ఉన్న ఏడుగురూ పోయారు. ఆ ఈమెయిల్ పంపి ఉంటే బతికేవాళ్లని నేను అనను. కానీ రాసి కూడా పంపలేకపోయిన ఆ మెయిల్ లాంటివి మన ఆఫీసుల్లో రోజూ డ్రాఫ్టుల్లో ఉండిపోతున్నాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, ఇక్కడ నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. ఇంటి దగ్గరే కొలువు దొరికితే చాలని హైదరాబాద్ నుంచి వెనక్కి వచ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఇది మంచిదే. కానీ ఇక్కడ మాట ధర హైదరాబాద్‌లో కన్నా ఎక్కువ. మాదాపూర్‌లో నచ్చకపోతే ఎదురు బిల్డింగ్‌లో ఇంకో కంపెనీ ఉంటుంది. ఇక్కడ ఈ కొలువు పోతే మళ్లీ ఎల్బీనగర్‌లో హాస్టల్ వెతుక్కోవాలి. రెండోది, ఇక్కడ ఉద్యోగం చాలామందికి తెలిసినవాళ్ల ద్వారా వస్తుంది. ‘మా ఊరి పిల్లగాడు, మంచోడు’ అని ఎవరో మాట ఇస్తేనే వస్తుంది. ఆ పిల్లగాడు మీటింగులో ఎదురు మాట్లాడితే, మాట ఇచ్చిన పెద్దమనిషి పరువు కూడా మధ్యలో ఉంటుంది. పొద్దున ఆఫీసులో అన్న మాట సాయంత్రానికి వాళ్ల నాయినకు చేరుతుంది.

మూడోది ‘అన్నా’ అనే పిలుపు. సార్ కంటే అన్నా అనడం దగ్గరితనమే, నేనూ కాదనను. అయితే అన్నకు ఎదురు చెప్పడం సార్‌కు ఎదురు చెప్పడం కంటే కష్టం. సార్‌తో అభిప్రాయభేదం పని గురించే. అన్నతో అభిప్రాయభేదం వస్తే ‘ఇంత చేసిన అన్ననే అంటవా’ అవుతుంది. ‘మనమంతా ఒక ఫ్యామిలీ’ అనే కంపెనీలో జీతం గురించి అడగడం కూడా కృతఘ్నత కింద లెక్క. అన్నా అని పిలిపించుకోండి, తప్పులేదు. అయితే ఆ పిలుపు వెనక ఉన్న మౌనాన్ని పోగొట్టే బాధ్యత అన్నదే.

అసలు పని ఎక్కడ షురూ చేయాలి? చాలామంది ఓపెన్ డోర్ పాలసీ, అంటే ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చెప్పొచ్చు అని గోడకు రాస్తారు. నేను మొదట బీరువా తెరవమంటాను. ఉద్యోగుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అందులో ఉంటే ఈ వారంలోనే వెనక్కి ఇచ్చేయండి, స్కాన్ కాపీలు చాలు. తన ఇంజనీరింగ్ మెమోలు మీ బీరువాలో ఉన్న మనిషి మీకు ఏ నిజం చెప్తాడు? రెండేళ్ల బాండు, వెళ్లేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఆపడం కూడా ఇంతే. వెళ్లిపోయిన ఒక్కడికి మీరు లెటర్ ఎన్ని రోజులకు ఇచ్చారో ఉన్న 13 మందీ లెక్కపెట్టుకుంటారు. ఆ తర్వాత ప్రొబేషన్. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్నవాడు, ఉద్యోగులకు కంపెనీ వాటాలిచ్చే ఈసాప్‌లో మొదటి ఏడాది పూర్తికానివాడు నోరు తెరవరు. కొత్తవాళ్ల కళ్లకే లోపాలు ఎక్కువ కనిపిస్తాయి, వాళ్లే తక్కువ మాట్లాడతారు. అందుకే చేరిన 30వ రోజున, 60వ రోజున కూర్చోబెట్టి ‘ఇక్కడ నీకు వింతగా అనిపించిన మూడు పనులు చెప్పు’ అని అడగండి. మూడు అని సంఖ్య ఇస్తే, చెప్పడం ఫిర్యాదు కాదు, అప్పగించిన పని అవుతుంది.

జీతాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఖాతాలో రెండు నెలలకే డబ్బులు ఉన్నాయని తెలిసీ ఫౌండర్ దాచిపెడతాడు, పిల్లలు భయపడతారని. 7వ తారీఖు జీతం 15కు పడుతుంది, ఎవరూ ఏమీ చెప్పరు. పైనుంచి నిజం దిగని చోట కిందినుంచి నిజం ఎక్కదు. ఆలస్యమయ్యేటట్టుంటే కనీసం వారం ముందు, తారీఖుతో సహా చెప్పండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. చెడు వార్త విన్న మొదటి నిమిషంలో మీరు ఏమంటారు? మీ కంపెనీలో మాట ధరను అదే నిర్ణయిస్తుంది. ఎక్కువగా వినిపించే మాట ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ దీనంత నష్టం చేసే మాట ఇంకోటి లేదు. దాని వల్ల ఆలస్యంగా చెప్పినవాడికి దెబ్బ పడుతుంది, అసలు చెప్పనివాడు హాయిగా ఉంటాడు. చూస్తున్నవాళ్లు నేర్చుకునేది ఇదే: ఆలస్యమైందా, ఇగ చెప్పొద్దు. రెండోది ‘సమస్య కాదు, సొల్యూషన్ తీసుకురా’. వినడానికి బాగుంటుంది. కానీ పగులు చూసినవాడికి దాన్ని పూడ్చడం రాకపోవచ్చు. సొల్యూషన్ దొరికేదాకా వాడు పగులును దాచుకుంటాడు. మూడోది మాట కూడా కాదు, ఫోన్ చూస్తూ వినడం, ఒక నిట్టూర్పు.

ఏమనాలి? మన కాంటా సాఫ్ట్‌వేర్ పిల్లవాడు వచ్చి చెప్పాడనుకోండి. “చెప్పింది మంచిగైంది. ఎక్కడ చూసినవో చూపెట్టు. ఏం చేద్దామో రాత్రి ఎనిమిదింటికల్లా చెప్త.” ఇందులో మూడు పనులు జరిగాయి. చెప్పినందుకు విలువ ఇచ్చారు, వివరం అడిగారు, జవాబుకు టైమ్ ఇచ్చారు. మూడోదాన్నే అందరూ మరిచిపోతారు. ఎనిమిదింటికి తేలకపోతే, తేలలేదని ఎనిమిదింటికే చెప్పండి. ఒకవేళ పిల్లవాడే తప్పు, ఆ రౌండింగ్ మిల్లువాళ్లు రాతపూర్వకంగా అడిగిందే అనుకుందాం. ఆ కాగితం చూపించి రెండు నిమిషాలు వివరించండి, మళ్లీ ఏదైనా కనిపిస్తే మళ్లీ చెప్పమనండి. అయిదు చెప్తే నాలుగు తప్పే కావచ్చు. ఆ నాలుగు వినడానికి పోయేది పది నిమిషాలు. అయిదోదాని విలువ ఆ రైతు పోగొట్టుకునే 20 కిలోలు, మీరు పోగొట్టుకునే మిల్లు.

చెప్పినవాటికి ఒక షీట్ పెట్టండి. నాలుగు కాలమ్‌లు చాలు: ఏం చెప్పారు, ఏ రోజు, ఏం నిర్ణయించాం, ఎందుకు. చేస్తాం, చేయం, ఫలానా నెల దాకా ఆపుతాం, ఈ మూడిట్లో ఏదో ఒకటి వారంలోగా పడాలి. చేయం అన్నా ఫర్వాలేదు, కారణం ఉంటే మనుషులు ఒప్పుకుంటారు. పది చెప్పినా జవాబు లేకపోతే పదకొండోది రాదు. జనం మాట్లాడకపోవడానికి భయం ఒకటే కారణం అనుకుంటాం. ‘చెప్పి ఏం లాభం’ అనే నిరాశ కూడా అంతే పెద్ద కారణం.

మీటింగ్ సంగతికి వద్దాం. ‘డౌట్స్ ఉన్నాయా’ అనే ప్రశ్నకు లేవు అనేదే తేలికైన జవాబు. ప్రశ్ననే మార్చండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రీమార్టం అనే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. పోస్ట్‌మార్టం పని చెడిపోయాక చేస్తారు, ఇది ముందే చేస్తారు. ‘రేపటి డెమో పూర్తిగా బెడిసికొట్టింది అనుకోండి. ఎందుకు బెడిసింది? మూడు నిమిషాలు ఎవరికి వాళ్లు రాయండి.’ ఇట్లా అడిగితే లోపం చూపించడం వంకలు పెట్టడం కాదు, ఇచ్చిన ప్రశ్నకు జవాబు రాయడం. రాశాక ఒక్కొక్కరు ఒక్క పాయింట్ చదవాలి. అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టండి, ఫౌండర్ ఆఖర్న. 14 మందికి మనిషికి అరనిమిషం చొప్పున ఏడు నిమిషాలు, మిగిలిన పది నిమిషాల్లో రెండు పెద్దవాటికి ఎవరేం చేయాలో తేల్చండి. మొత్తం 20 నిమిషాలు. ఇది ఎక్కడ చెడిపోతుందంటే, ఫౌండర్ ఉత్సాహంతో తనది ముందు చదువుతాడు. ఇగ మిగతా పదమూడు చీటీలు అదే పాట. ఆడపిల్లలు ఒకరో ఇద్దరో ఉన్న టీమ్ అయితే ఇంకోటి కూడా చూసుకోండి. వాళ్లు చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోరు, అయిదు నిమిషాల తర్వాత అదే మాట ఇంకొకరు అంటే ‘గుడ్ పాయింట్’ అవుతుంది. మీటింగ్ నడిపేవాళ్లు వెంటనే, ఈ మాట ఆ అమ్మాయి ముందే చెప్పింది అని పేరుతో సహా అనాలి.

కంపెనీ పది పన్నెండు మంది దాటగానే నడుమ టీమ్ లీడ్ వస్తాడు. ఫౌండర్ మంచితనం అక్కడితో ఆగిపోతుంది. ఉద్యోగికి కంపెనీ అంటే తన లీడే. ఆ లీడ్‌లు మొన్నటిదాకా కోడ్ రాసినవాళ్లు. వాళ్లకు వినడం ఎవరూ నేర్పలేదు. వాళ్లతో పాటు, వాళ్లను దాటి కూడా నెలకు ఒకసారి ప్రతి మనిషితో అరగంట కూర్చోండి. అక్కడ విన్నదాన్ని లీడ్ మీద కేసులాగా వాడకండి, వాడితే మళ్లీ ఆ అరగంటలో వాతావరణం గురించే మాట్లాడుకుంటారు.

వాట్సాప్ గురించి ఒక్క మాట. అన్న లేని గ్రూప్ ఒకటి ప్రతి కంపెనీలో ఉంటుంది. ఉండనివ్వండి. దాంట్లో ఏముందో చెప్పమని ఒకరిని పట్టుకున్న రోజున రెండు పోతాయి: ఆ మనిషి సోపతులు పోతారు, మీ మీద అందరి నమ్మకం పోతుంది.

పేర్లు లేని సర్వే పెడతామని చాలామంది అడుగుతారు. పెట్టండి, మానసిక భద్రతను కొలిచే ఎడ్మండ్‌సన్ ప్రశ్నలు ఏడే. ఇక్కడ తప్పు చేస్తే నన్ను వేలెత్తి చూపుతారా, కష్టమైన విషయాలు లేవనెత్తగలనా, సాయం అడగడం కష్టమా, ఇట్లా ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు. కానీ ఆరుగురున్న టీమ్‌లో పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు. గూగుల్ ఫారంలో ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆపేయాలి. డిపార్ట్‌మెంట్, వయసు, చేరిన సంవత్సరం అడగొద్దు. టెస్టింగ్‌లో ఉన్న అమ్మాయి ఒక్కతే అయితే ఆ గడి నింపగానే పేరు రాసినట్టే. ‘మీ అభిప్రాయం రాయండి’ అనే డబ్బా తీసేయండి, చిన్న కంపెనీలో ఎవరి రాత తీరు ఏదో అందరికీ తెలుసు. టిక్కులే చాలు. ఫలితం వచ్చాక ‘ఇంత తక్కువ ఎవరు ఇచ్చారు?’ అని నవ్వుతూ అడిగినా సరే, ఆ సర్వే చచ్చిపోయినట్టే. వచ్చేసారి అందరూ అంతా బాగుందనే మార్కులే వేస్తారు.

చట్టం సంగతి. స్టాక్ మార్కెట్‌లో నమోదైన లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పు తీసుకున్నవి తప్పులు బయటపెట్టేవాళ్ల కోసం ఒక వ్యవస్థ పెట్టాలని కంపెనీల చట్టం 177వ సెక్షన్ చెప్తుంది. మన చిన్న కంపెనీలు అందులోకి రావు, కాబట్టి ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడకండి. కానీ పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం మీకు వర్తిస్తుంది. పదో మనిషి చేరిన రోజే అంతర్గత కమిటీ ఉండాలి. ట్రైనీలు, కాంట్రాక్టు వాళ్లు కూడా ఆ లెక్కలోకి వస్తారు. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సగానికి తగ్గకుండా మహిళలు, బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పది మంది లేకపోయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లాలోని లోకల్ కమిటీ దగ్గరికి వెళ్లొచ్చు. కమిటీ పెట్టకపోతే 50 వేల దాకా జరిమానా. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద కనబడాలి.

వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు. మీ కంపెనీ మారేదాకా మీరు ఆగలేరు, కాబట్టి చెప్పే తీరు నేర్చుకోండి. చూసింది, దాని వల్ల జరిగేది, మీకు కావలసింది, ఈ వరుసలో చెప్పండి. “తేమ 17.5 కొడితే 18 లెక్కపడుతున్నది అన్నా. 40 క్వింటాళ్లకు 20 కిలోల తేడా. డెమోకు ముందు అరగంట ఇస్తే సరిచేస్త.” ఇందులో ఎవరి తప్పు అనేది లేదు, ‘ఎప్పుడూ ఇంతే’ అనేది లేదు. నలుగురిలో కాకుండా ముందు పక్కకు పిలిచి చెప్పండి. వినకపోతే అదే మాట రెండు లైన్ల మెయిల్ పెట్టండి. పైలట్లకు మెట్టు మెట్టుగా చెప్పడం నేర్పుతారు: మొదట అడగడం, తర్వాత ఆందోళనగా ఉందని చెప్పడం, తర్వాత ఇంకో దారి చూపడం, ఆఖరుకు ఆపమనడం. మనం చాలాసార్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం, లేకపోతే నెలలు ఓర్చుకుని నేరుగా ఆఖరి మెట్టు మీద అరుస్తాం.

ఇగ మీరు అడగండి. టైమ్ తక్కువ ఉంది, ఒకరిద్దరికే జవాబు చెప్పగలను.

ప్రశ్న (వెనక నుంచి): మా కంపెనీ పెట్టినాయన మా మేనమామ కొడుకు. ఆఫీసుల కూడ బావా అనే పిలుస్త. ఏదన్న తప్పుందంటే ఇంట్ల పంచాయితీ అయితది. ఎట్ల చెప్పాలె?

ఏ గొడవా లేని రోజు చూసుకుని ఆయన్నే అడగండి: ‘పని విషయంలో తప్పు కనబడితే ఎప్పుడు, ఎట్ల చెప్పమంటవు బావా?’ పొద్దున పదింటికి క్యాబిన్‌లో చెప్పమంటే అక్కడే చెప్పండి. పెళ్లిళ్లలో, పండుగ భోజనాల దగ్గర ఆఫీసు మాట ఎత్తకండి. మీ అమ్మతోనో అత్తమ్మతోనో చెప్పించకండి. మీ జీతం, సెలవులు బావ చేతిలో కాకుండా లీడ్ చేతిలో ఉండేటట్టు అడగండి.

ఇంకోటి, మీరు అడగనిది. మిగతా వాళ్లు మీ ముందు మాట్లాడటం ఆపేసి ఉంటారు. మీకు చెప్పింది రాత్రికి బావకు చేరుతుందని వాళ్ల లెక్క. చేరదని మీరు ఎంత చెప్పినా నమ్మరు. ఎవరో ఒకరు చిన్న విషయం ఒకటి మీకు చెప్పి చూస్తారు. నెల గడిచినా అది ఎక్కడా బయటపడకపోతే, అప్పుడు రెండోది చెప్తారు.